నోవా వెబ్‌స్టరు: ఒక బడిపంతులు జీవితము

ఇంగ్లీషు నేర్చుకొనుచున్న మన విద్యార్థులలో వెబ్‌స్టరు నిఘంటువు పేరు విననివారు అరుదు. గ్రంథాలయమున రెండు చేతులతో గాని యెత్తలేని పెద్ద నిఘంటువు కనబడినచో అది వెబ్‌స్టరు అనుకొనుట పరిపాటి. అయితే ఆ పేరుగల మనుష్యుడు నిఘంటుకారుడు కాకమునుపు పిల్లలచేత అక్షరములు దిద్దించిన బడిపంతులనియు, ఆయన వ్రాసిన నీలిరంగు అట్ట చిన్న పుస్తకము నిఘంటువుకంటె ఎన్నో రెట్లు ఎక్కువమంది చేతులలో నలిగినదనియు ఎఱిగినవారు కొలదిమంది మాత్రమే. ఈ సంచికలో ఆయన చరిత్రమును చెప్పదలచితిమి.

ఇందుకు కారణము కలదు. తరగతిలో పాఠము చదువలేచిన బాలుడు ఒక ఇంగ్లీషు మాటను తన యింటి పెద్దలు పలికినట్లు పలికినప్పుడు తోడివారు నవ్వుదురు. ఆ బాలుడు మఱి కొన్నాళ్లవరకు నోరు విప్పడు. బడిలో నేర్పవలసిన ఇంగ్లీషు ఎవరిది? లండను నగరవాసులదా, అమెరికావారిదా, లేక మన ఊరి న్యాయవాదులును వైద్యులును ఉపాధ్యాయులును తమలో తాము మాటలాడుకొనునదా? ఈ ప్రశ్నను తరగతి గదిలోనికి తెచ్చి దానికొఱకు జీవితమంతయు ధారపోసినవాడు వెబ్‌స్టరు. ఆయన చెప్పిన సమాధానము సంపూర్ణమైనదని మేము చెప్పజాలము.

నోవా వెబ్‌స్టరు 1758వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని కనెక్టికట్టు సీమలో, హార్ట్‌ఫర్డు పట్టణమునకు పడమటనున్న పల్లెలో జన్మించెను. అప్పటికి ఆ సీమ ఇంగ్లండు రాజు ఏలుబడిలోనిది. జలప్రళయకాలమున ఓడ కట్టిన భక్తుని మన తెలుగు బైబిలు నోవహు అనుచున్నది. ఆ పేరే ఈయనదియు, ఈయన తండ్రిదియు. తండ్రి సేద్యము చేసికొనుచు సంఘములో డీకనుగా నుండెను. తల్లి పేరు మెర్సీ. అయిదుగురు బిడ్డలలో ఈయన నాల్గవవాడు. నాగలి పట్టవలసిన కుమారుడు పుస్తకము పట్టుకొని చెట్టుక్రింద కూర్చుండుటను చూచి తండ్రి మొదట విసుగుకొన్నను, తుదకు పొలమును తాకట్టు పెట్టి 1774లో యేలు కళాశాలకు పంపెను. బిడ్డల చదువుకొఱకు భూమి తాకట్టు పెట్టిన తండ్రులు మన జిల్లాలలోను కలరు గనుక, ఆ పని బరువెంతటిదో ఈ సంచిక చదువు తల్లిదండ్రులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆయన కళాశాలలో చేరిన మఱుసటి యేడే స్వాతంత్ర్య యుద్ధము ప్రారంభమయ్యెను. విద్యార్థులకు భోజన పదార్థములు దొరకక కళాశాల పలుమార్లు చెదరెను. 1777లో వెబ్‌స్టరు తండ్రితోను అన్నదమ్ములతోను కలసి ఊరి దళముతో ఉత్తరమునకు నడచెను. వారు యుద్ధరంగమును చేరకమునుపే ఇంగ్లీషు సేనాపతియగు బర్గాయిను ఓడెనన్న వార్త ఎదురు వచ్చెను. 1778లో పట్టము పుచ్చుకొని ఇంటికి వచ్చిన కుమారుని చేతిలో తండ్రి ఎనిమిది డాలర్ల కాగితపు నోటు పెట్టి, ఇక నీ బ్రతుకు నీవు చూచుకొనుమని చెప్పెను. యుద్ధకాలపు నోటగుటచే వెండి నాణెములలో దాని విలువ సగము మాత్రమే. తండ్రికి కోపము లేదు, ఇయ్యగలిగినది అంతే.

న్యాయశాస్త్రము చదువవలెనని ఆయన కోరిక. డబ్బు లేక బడిపంతులాయెను. గ్లాస్టన్‌బరిలోను హార్ట్‌ఫర్డులోను పాఠములు చెప్పుచు, రాత్రులు న్యాయగ్రంథములు చదివి 1781లో న్యాయవాది పట్టాను సంపాదించెను గాని కక్షిదారులు రాలేదు. మరల బడియే దిక్కయ్యెను. 1782లో న్యూయార్కు సీమలోని గోషెను అను ఊరిలో ఒక పాఠశాల నడపెను. ఐగుప్తులో ఇశ్రాయేలీయులు నివసించిన గోషెను పేరే ఆ ఊరికి పెట్టియుండిరి. చేతిలో పైకము లేక, స్నేహితులు దూరమై, మిక్కిలి నిరాశలోనున్న ఆ దినములలోనే వెబ్‌స్టరు తన పుస్తకమును వ్రాయ మొదలుపెట్టెను.

నాటి అమెరికా బడులలో పిల్లలకు మొదటి పుస్తకము ఇంగ్లండు దేశపు ఉపాధ్యాయుడగు తామస్ డిల్‌వర్తు 1740లో ప్రకటించినది. అందు పుటలకు పుటలు ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండులలోని ఊళ్ల పేర్లతో నిండియుండెను. కనెక్టికట్టు పిల్లవాడు తాను ఎన్నడును చూడని ఊళ్ల పేర్లను వర్ణక్రమముతో అప్పగించుచు, తన ఊరి ప్రక్కన ప్రవహించు నది పేరు వ్రాయనేరక పోవుచుండెను. అంతకంటె పెద్ద చిక్కు పదవిభాగములోనిది. నేషన్ అను మాటను పలుకునప్పుడు అందఱును రెండు ఖండములుగానే పలుకుదురు. డిల్‌వర్తు దానిని మూడు ఖండములుగా విఱిచెను. చెవికి వినబడునది ఒకటి, పుస్తకమున కనబడునది మఱియొకటి. పిల్లవాడు దేనిని నమ్మవలెను? తన చెవిని నమ్మినచో బెత్తము దెబ్బ తప్పదు.

1783లో హార్ట్‌ఫర్డులో అచ్చయిన వెబ్‌స్టరు పుస్తకము ఈ చిక్కును విప్పెను. నోరు ఎచ్చట ఆగునో అచ్చటనే పదమును విఱువవలెనను నియమమును ఆయన పెట్టుకొనెను. ఇంగ్లండు ఊళ్ల పేర్లకు బదులు అమెరికా సీమల పేర్లు, పట్టణముల పేర్లు, నదుల పేర్లు చేర్చెను. 1784లో వ్యాకరణము, 1785లో వాచకము దానిని వెంబడించినవి. మూడింటిలో మొదటిదే ప్రసిద్ధికెక్కినది. పలుచని చెక్క అట్టకు నీలి కాగితము అంటించి కట్టుటచేత జనులు దానిని నీలి అట్ట పుస్తకమని పిలిచిరి.

మన పెద్ద బాలశిక్ష చదివినవారికి ఆ పుస్తకపు తీరు సులభముగనే బోధపడును. మొదట అక్షరములు, పిమ్మట మన గుణింతమువలె ఒక్కొక్క హల్లుతో అచ్చులను కూర్చిన వరుసలు, ఆ మీదట ఒక ఖండపు మాటలు, రెండు ఖండముల మాటలు, క్రమముగా పెద్ద మాటలు, తుదిని నీతివాక్యములు, కథలు. కథలలో ఒకటి పిల్లలకు మిక్కిలి ప్రియమైనది. ఒక ముసలివాడు తన ఆపిలు చెట్టెక్కి పండ్లు దొంగిలించుచున్న తుంటరిని చూచి మంచిమాటలతో దిగి రమ్మనెను, వాడు దిగలేదు. గడ్డి పెళ్లలు విసరెను, వాడు నవ్వెను. రాళ్లు విసరిన వెంటనే దిగివచ్చి క్షమాపణ కోరెను. ఈ కథ నీతి క్రైస్తవ ప్రేమకు తగినదా యని మా ఉపాధ్యాయులు వాదింపవచ్చును. పిల్లలు మాత్రము ఆ ముసలివాని పక్షమే.

ఇక్కడ కొంచెము నిలిచి నాటి పండితుల అభిప్రాయమును చెప్పవలసియున్నది. అమెరికావారి మాట తీరును పట్టి దోషములుగా ఎంచుట అప్పటికే ఆచారమైనది. అమెరికనిజము అను పదమును 1781లో పుట్టించినవాడు ప్రిన్సుటను కళాశాల అధ్యక్షుడగు జాన్ విదర్‌స్పూను. ఆయన స్కాట్లండు దేశస్థుడు. స్కాట్లండు పండితులు తమ దేశపు మాటలను ఏఱిపాఱవేసి లండను వారివలె వ్రాయవలెనని తహతహలాడిన కాలమది. అటువంటి మాటలను వారు స్కాటిసిజములని పిలుచుచుండిరి. ఆ పేరు నొరవడిగానే విదర్‌స్పూను క్రొత్త పేరును కట్టెను. తాము పడిన సిగ్గును ఇతరులకు పంచుట మనుష్యస్వభావము కాబోలు.

వెబ్‌స్టరు 1785లోను 1786లోను ఊరూర తిరిగి ఇంగ్లీషు భాషను గూర్చి ఉపన్యసించెను. ఆ ఉపన్యాసములను 1789లో గ్రంథముగా కూర్చి బెంజమిను ఫ్రాంక్లినునకు అంకితమిచ్చెను. వాని సారమేమనగా, భాషకు ప్రమాణము రాజసభ కాదు, నాటకశాల కాదు, ఒక నిఘంటుకారుని చిత్తము కాదు. జాతిలోని జనసామాన్యము నిలుకడగా పలుకు పలుకుబడియే ప్రమాణము. ఆ దినములలో తామస్ షెరిడను అను నటుడు వ్రాసిన ఉచ్చారణ నిఘంటువు గొప్ప పేరు పొందియుండెను. నేట్యూర్ అని కనెక్టికట్టు రైతు పలుకు మాటను షెరిడను నేచర్ అని పలుకవలెననెను. లండను రంగస్థలము మీది యీ వంకర పలుకును మా పిల్లలకు నేర్పనక్కఱలేదని వెబ్‌స్టరు మండిపడెను. ఈ వివాదములో గెలిచినది వెబ్‌స్టరు కాదు. నేడు ఇంగ్లండులోను అమెరికాలోను మన తరగతులలోను అందఱును నేచర్ అనియే పలుకుచున్నారు. జనుల పలుకుబడియే ప్రమాణమన్న ఆయన సూత్రమే ఆయనను ఓడించినది.

ఆయన వాదములో ఇంకొక లోపము కలదు. అమెరికా జనులనగా ఎవరు? వెబ్‌స్టరు మనస్సులోని జనులు కనెక్టికట్టు, మాసచుసెట్సు సీమల స్వంత భూమిగల రైతులు. వారి పలుకే శుద్ధమని ఆయన నమ్మిక. దక్షిణ సీమలవారు పలుకు తీరును, అడవి అంచుల నివసించు క్రొత్త కాపురస్థుల తీరును ఆయన తన పుస్తకమునుండియు బడులనుండియు తొలగింపజూచెను. దేశమంతయు ఒక్కతీరుగా పలికినచో సీమకును సీమకును నడుమ ద్వేషము నశించునని ఆయన ఆశ. ఆశ మంచిదే. కాని లండను పలుకును చూచి హార్ట్‌ఫర్డు పిల్లవాడు సిగ్గుపడకూడదన్నవాడు, హార్ట్‌ఫర్డు పలుకును చూచి వర్జీనియా పిల్లవాడు సిగ్గుపడవలసిన స్థితిని తానే తెచ్చిపెట్టెను. వెబ్‌స్టరు చరిత్రలో మాకు మిక్కిలి ముఖ్యముగా తోచినది ఈ సంగతియే. పరాయి ఊరి కొలబద్దను విసరివేయుట సులభము; తన ఊరి కొలబద్దను ఇతరుల మీద మోపకుండుట కష్టము.

ఈ వివాదము అమెరికాతో ముగిసినది కాదు, మన దేశమునను నడచినది. పర్లాకిమిడి ఉపాధ్యాయుడగు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) తెలుగు బడులలో పిల్లలకు శిష్టుల వాడుక భాషను నేర్పవలెనని పోరాడినప్పుడు ఎదురైనదియు ఇటువంటి ప్రశ్నయే. ఈ మాటలను గ్రాంథికమున వ్రాయుచున్నామని పాఠకులు నవ్వవచ్చును, నవ్వనిండు. ఇంగ్లీషు విషయమునకు వచ్చినచో, 1958లో హైదరాబాదునందు ఇంగ్లీషు బోధనకై ఒక కేంద్ర సంస్థ నెలకొల్పబడెను. 2007లో అది కేంద్ర విశ్వవిద్యాలయమయ్యెను. చదువుకొన్న భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు ఎంతవరకు అర్థమగునను విషయమై ఆర్. కె. బన్సాలుగారు చేసిన పరిశోధన ఆ సంస్థనుండి 1969లో గ్రంథముగా వెలువడెను. మాట అందమైనదా కాదా యని కాక, వినువానికి తెలిసినదా లేదా యని పరీక్షించుట వెబ్‌స్టరు నాటికి లేని క్రొత్త దారి. 1990, 1991 సంవత్సరములలో లండను పండితుడగు రాండల్ఫు క్వర్కుగారును, కాశ్మీరమున జన్మించి అమెరికాలో ఆచార్యులైన బ్రజ్ కచ్రూగారును ఈ విషయముననే బహిరంగముగా వాదించుకొనిరి. బడిపిల్లలకు పుట్టుకతో ఇంగ్లీషు మాటలాడు దేశములవారి ప్రమాణ భాషనే నేర్పుట మేలని మొదటివారును, ఆయా దేశములలో చదువుకొన్నవారి ఇంగ్లీషుకును ప్రమాణముగా నిలుచు అర్హత కలదని రెండవవారును చెప్పిరి. వెబ్‌స్టరు బ్రదికియుండినచో కచ్రూగారి ప్రక్కన నిలుచునని కొందఱు తలంతురు. మాకంత నమ్మకము లేదు. మన ఇంగ్లీషును ఆయన వర్జీనియావారి ఇంగ్లీషును చూచినట్లే చూచియుండును.

మన తెలుగుదేశపు మిషను బడులకు అమెరికాతో గల సంబంధము పాతది. 1842లో గుంటూరునకు వచ్చి పని ప్రారంభించిన లూథరను మిషనరీ హయ్యరు అయ్యగారు అమెరికానుండి వచ్చినవారే గాని జన్మచేత జర్మను దేశస్థులు. ఇంగ్లీషు వారికిని నేర్చుకొన్న భాషయే. కనుక ఇంగ్లీషు ఒక్క నోటినుండియే మనకు వచ్చినదని ఎవరును అనజాలరు.

మరల వెబ్‌స్టరు కథకు వత్తము. పలుకును గెలిపింపలేక పోయినను వర్ణక్రమములో ఆయన సగము గెలిచెను. మొదట ఆయన ఉత్సాహము మితిమీఱినది. 1790లో ప్రకటించిన వ్యాసములలో కొన్నింటిని పలుకునకు సరిపోవు క్రొత్త వర్ణక్రమముతో అచ్చొత్తించెను; పుస్తకపు పేరులోని ఒక మాటకు తుది అక్షరమును కూడ కోసివేసెను. చదివినవారు నవ్విరి. నాలుక అను అర్థమిచ్చు ఇంగ్లీషు మాటను నాలుగక్షరములకు కుదింపజూచెను, ఎవరును అంగీకరింపలేదు. పిమ్మట ఆయన నెమ్మదించి, తర్కమునకు నిలిచినవియు కంటికి వెగటు కానివియు మాత్రమే నిలుపుకొనెను. కలర్, ఆనర్ అను మాటలలోని యు అక్షరమును, మ్యూజిక్ అను మాట తుదినుండిన కె అక్షరమును తీసివేసెను. సెంటర్ అను మాట తుది రెండక్షరములను తారుమారు చేసెను. కె అక్షరము ఇంగ్లండులోను పోయినది. యు అక్షరము అచ్చట నేటికిని నిలిచియున్నది. మన విద్యార్థి అమెరికా పుస్తకము చదివి పరీక్షలో యు విడిచి వ్రాసినచో గుఱుతు పోవుటయు, ఆ గుఱుతు ఏల పోయెనో తండ్రికి బోధపడకుండుటయు ఇందుచేతనే.

1789లో బోస్టనునకు చెందిన రెబెకా గ్రీన్‌లీఫును వివాహమాడెను. వారికి ఎనమండుగురు బిడ్డలు కలిగిరి. గ్రంథకర్తలకు తమ గ్రంథముల మీద హక్కు నిచ్చు చట్టములకై సీమసీమకు తిరిగి శాసనసభలను అర్థించెను. 1790లో దేశమంతటికి అట్టి చట్టము వచ్చుటలో ఆయన శ్రమకు పాలు కలదు. 1793లో న్యూయార్కున ఒక దినపత్రికను స్థాపించెను. 1798లో న్యూహేవనునకు మకాము మార్చెను. 1799లో అంటువ్యాధుల చరిత్రమును రెండు సంపుటములుగా ప్రకటించెను. ఇన్ని పనులు చేసినను ఇంటి ఖర్చు నడపినది నీలి అట్ట పుస్తకమే. ప్రతి యొకటింటికి ఆయనకు ముట్టినది ఒక సెంటునకు మించకపోయినను, ప్రతులు లక్షల మీద చెల్లుటచేత ఆ చిల్లర డబ్బే ఒక నిఘంటుకారుని కుటుంబమును పోషించెను.

అమెరికా ఇంగ్లీషునకు నిఘంటువు వ్రాయుదునని 1800లో ఆయన ప్రకటించినప్పుడు పత్రికలు ఎగతాళి చేసినవి. లేని భాషకు నిఘంటువేమనియు, పల్లెటూరి తప్పులకు శాస్త్రగౌరవమా యనియు హేళన. ఆయన తడబడలేదు. 1806లో 37,000 మాటలతో చిన్న నిఘంటువు వెలువడెను. 1807లో పెద్దది మొదలుపెట్టెను. 1816లో జాన్ పికరింగు అను పండితుడు అమెరికావారు మాత్రమే వాడు మాటలను ఏఱి కూర్చి, చదువుకొన్నవారు వానిని వాడుటలో జాగ్రత్త వహింపవలెనన్న తలంపుతో ఒక గ్రంథము ప్రకటించెను. వెబ్‌స్టరు మఱుసటి యేట దీర్ఘమైన బహిరంగ లేఖతో బదులు చెప్పెను. క్రొత్త నేల, క్రొత్త చెట్లు, క్రొత్త మృగములు, క్రొత్త ప్రభుత్వము గలవారికి క్రొత్త మాటలు కలుగక మానవని ఆయన వాదము. స్కంకు అను జంతువు, హికరీ అను చెట్టు ఇంగ్లండులో లేవు. వాని పేర్లను అమెరికావాడు ఎవరి అనుమతితో పలుకవలెను? కాంగ్రెసు, సెనేటు వంటి మాటలు ఇంగ్లండు పుస్తకములలో ఉన్నను అమెరికావానికి వాని అర్థము వేఱు.

ఈ మధ్యకాలమున ఆయన ఆత్మజీవితములోను గొప్ప మార్పు కలిగెను. 1808లో న్యూహేవనునందు ఉజ్జీవము కలిగినప్పుడు మొదట భార్యయు కుమార్తెలును కదలింపబడిరి. తన బుద్ధిబలమునే నమ్ముకొనియుండిన వెబ్‌స్టరు చాలకాలము ఎదిరించి, తుదకు మోకాళ్లూని దేవునికి లోబడెను. నాటినుండి నిఘంటువులోని నిర్వచనములలో వేదవాక్యముల ఉదాహరణములు విరివిగా చేరినవి. 1812లో ఖర్చు తగ్గించుకొనుటకై ఆమ్హర్స్టు అను పల్లెకు పోయి పది సంవత్సరములుండెను; అచ్చటి కళాశాల 1821లో నెలకొల్పబడుటకు తోడ్పడెను.

పని చేసిన తీరు చెప్పదగినది. అర్ధవలయాకారముగ చేయించిన పెద్ద బల్లమీద పలుభాషల నిఘంటువులను వరుసగా పఱచి, ఒక మాటను పట్టుకొని బల్ల ఈ కొననుండి ఆ కొనవరకు ఒక్కొక్క పుస్తకమును చూచుచు నడచెడివాడు. ఇట్లు సంవత్సరముల తరబడి శ్రమించి మాటల పుట్టుకను గూర్చి ఆయన కట్టిన సిద్ధాంతములలో పెక్కు నిలువలేదు. బాబెలు గోపురమునకు ముందు లోకమంతటికి ఒక్క భాషయే యుండెనను నమ్మికతో, ధ్వనిసామ్యమునే ఆధారముగా గొని దూరభాషలకు చుట్టఱికము కలిపెను. సంస్కృతమునకును గ్రీకు, లాటిను భాషలకును గల బంధుత్వమును సర్ విలియం జోన్సు 1786లోనే కలకత్తాలో చెప్పియుండెను. ఆ దారిని పోయిన జర్మను పండితుల శాస్త్రమును వెబ్‌స్టరు లక్ష్యపెట్టలేదు. 1864 నాటి కూర్పులో ఆ వ్యుత్పత్తులన్నిటిని ఒక జర్మను పండితుడు తిరుగ వ్రాయవలసి వచ్చెను. భక్తి మెండుగనున్నను తోడి పండితుల శ్రమను చదువక గడపిన యేండ్లు వృథాయైనవని చెప్పక తప్పదు. అర్థములను వివరించుటలో మాత్రము నాడు ఆయనకు సాటి లేరు.

1824లో కుమారుడగు విలియమును తోడుకొని ఓడనెక్కి పారిసునకును, అచ్చటనుండి ఇంగ్లండులోని కేంబ్రిడ్జికిని పోయి గ్రంథాలయములలో పని చేసెను. 1825 జనవరిలో కేంబ్రిడ్జి బసలో తుదిమాట వ్రాయునప్పుడు చేయి వణికి కలము నిలువలేదట. కొంతసేపు గదిలో అటునిటు నడచి నెమ్మది తెచ్చుకొని ముగించెను. ఇంగ్లండు భాషాధిపత్యమును జీవితమంతయు ఎదిరించినవాడు అమెరికా నిఘంటువును ఇంగ్లండులో ముగించుట విచిత్రమే. ఆయన మనస్సును అప్పటికి మెత్తబడియుండెను. యౌవనమున అమెరికా భాష ఇంగ్లండు భాషనుండి పూర్తిగ విడిపోవునని జోస్యము చెప్పినవాడు, ముదిమిలో రెండు దేశముల భాష ఒక్కటే కావుననే భేదములున్నచోట వానిని తెలియజెప్పవలెనని వ్రాసెను. 1828లో రెండు సంపుటములుగా, 70,000 మాటలతో నిఘంటువు వెలువడెను. అప్పటికి ఆయన వయస్సు 70. వెల 20 డాలర్లు. 2,500 ప్రతులు అచ్చుపడినవి. అందు ప్రమాణ గ్రంథకర్తలుగా ఇంగ్లండు కవుల సరసన వాషింగ్టను, ఫ్రాంక్లిను మొదలగు అమెరికావారిని నిలిపెను.

1833లో ఇంగ్లీషు బైబిలులో వాడుక తప్పిన మాటలను మార్చి ఒక కూర్పు ప్రకటించెను. సంఘములు దానిని అంతగా స్వీకరింపలేదు. నిఘంటువు రెండవ కూర్పు కొఱకు ఇల్లు తాకట్టు పెట్టెను. తండ్రి తనకొఱకు చేసిన పనినే తాను పుస్తకముకొఱకు చేసెను. స్వభావమున ఆయన మెత్తనివాడు కాడు. ఎదుటివానిని ఒప్పించుటకంటె దిద్దుటయందే ప్రీతి యెక్కువ. స్నేహితులును దీనిని సహించిరేగాని మెచ్చలేదు. 1843 మే 28వ తేదీన న్యూహేవనులో ప్రభువునందు నిద్రించెను. మిగిలిన నిఘంటువు ప్రతులను, హక్కులను మెరియం సోదరులు కొనిరి. వారి మూలముగనే వెబ్‌స్టరు పేరు మన గ్రంథాలయములవరకు వచ్చినది.

నీలి అట్ట పుస్తకము ప్రయాణము మాత్రము ఆయన ఊహింపని త్రోవను సాగెను. బాల్టిమోరు నగరమున బానిసగానుండిన ఫ్రెడరికు డగ్లసు అను బాలుడు ఆ పుస్తకమును జేబులో దాచుకొని, వీధిలో ఆడుకొను తెల్లపిల్లలకు రొట్టెముక్కలిచ్చి వారిచేత పాఠములు చెప్పించుకొనెను. తరువాతి కాలమున ఆయన బానిసత్వమునకు విరోధముగ పోరాడిన మహావక్తయయ్యెను. 1865లో బానిసత్వము రద్దయిన పిమ్మట విడుదల పొందిన పెద్దలును పిల్లలును ఒకే బల్లమీద కూర్చుండి ఆ పుస్తకముతోనే అక్షరములు నేర్చిరి. పశ్చిమ వర్జీనియాలోని మాల్డెను అను ఊరిలో ఉప్పు బట్టీలయొద్ద పనిచేయుచుండిన బుకర్ వాషింగ్టను అను బాలునికి తల్లి ఎచ్చటనుండియో ఒక ప్రతి తెచ్చియిచ్చెను. చుట్టుప్రక్కల వారి జాతివారిలో చదువ నేర్చినవా రెవరును లేరు. ఉచ్చారణ ఇట్టిదని దిద్దువారును లేరు. ఆ బాలుడు కొన్ని వారములలో తనంతట తానే అందలి అక్షరములను చాలవఱకు పట్టుకొనెను. 1881లో ఆయన టస్కీగీలో ఉపాధ్యాయులను తయారుచేయు పాఠశాలను ప్రారంభించెను.